పెర్మెత్‌లో అక్రోట్లు ఒలిచిన సాయంత్రం

అల్బేనియా రాజధాని తిరానా దాటి ఉత్తరానికి పోతుంటే దారి పక్కన సగం కట్టి ఆపేసిన రెండంతస్తుల ఇల్లొకటి కనిపించింది. దాని పై అంతస్తు పిట్టగోడకు పెద్ద టెడ్డీబేర్ బొమ్మ వేలాడుతోంది. వానకు తడిసి, ఎండకు ఎండి రంగు వెలిసిపోయింది. పిల్లల బొమ్మను ఎవరో ఉతికి ఆరేశారనుకున్నాను. ఇంకాస్త దూరం పోయాక ఇంకో ఇంటి మీద గడ్డి కూరిన చొక్కా, ప్యాంటు, నెత్తిన పాత టోపీ. మా అమ్మాయి డ్రైవరును అడిగింది. అతను రెండు వేళ్లతో తన కళ్లు చూపించి, ఆ వేళ్లను ఇంటివైపు తిప్పి, "దోర్దొలెత్స్" అన్నాడు. అనువాదం అవసరం లేకపోయింది. దిష్టిబొమ్మ!

ఆ ఇళ్ల మీద స్లాబు పైకి లేచిన ఇనుప కమ్ములు కూడా ఉన్నాయి. మా అనంతపురంలో ఏ వీధిలో తలెత్తినా కనిపించేవే. ఈ ఏడు చేతిలో ఉన్న డబ్బుకి ఇంతే కట్టగలిగాం, కొడుకు చేతికొస్తే పైన ఇంకో అంతస్తు లేపుతాడని నమ్మకంతో వదిలిన కమ్ములవి. ఆ కొడుకులు ఇటలీలో, గ్రీసులో పనిచేస్తూ డబ్బు పంపుతారని డ్రైవరు చెప్పాడు. మా సీమలో కువైట్ అంటాం, అమెరికా అంటాం. ఈ దేశంలో కాలుపెట్టిన మొదటి గంటలోనే నా ఊరు ఇట్లా ఎదురొస్తుందని నేను అనుకోలేదు.

మా అమ్మాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తుంది. పోయిన శరదృతువులో దాని దగ్గర నెల్లాళ్లున్నాను. పారిస్, వెనిస్ చూపిస్తానని మొదట్నుంచీ అంటూ వచ్చింది. తీరా నేను వెళ్లాక, "అమ్మా, అవి ఎక్కడికీ పోవు. జనం తొక్కిడి పడకముందే చూడాల్సిన చోటొకటుంది, అక్కడికి పోదాం" అంది. అది అన్న మాటలో నిజముంది. వెనిస్‌లో జనాన్ని తట్టుకోలేక, 2024 నుంచి కొన్ని రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. ఊళ్లోకి రావడానికి టికెట్టు పెట్టాల్సి వచ్చిందంటే, ఆ ఊరివాళ్లు ఎంత విసిగిపోయి ఉంటారో!

అట్లా అల్బేనియాకు వచ్చాం. గ్రీసుకు పైన, ఇటలీకి సముద్రం అవతల, మొత్తం కలిపితే 24 లక్షల జనం ఉండే చిన్న దేశం. 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఎన్వర్ హోజా అనే కమ్యూనిస్టు నియంత దీన్ని తలుపులేసిన ఇల్లులాగా ఉంచాడు. మొదట యుగోస్లావియాతో, తర్వాత సోవియట్‌తో, చివరికి చైనాతో కూడా తెగతెంపులు చేసుకున్నాడు. మామూలు మనిషికి సొంత కారు ఉండకూడదు. 1967లో మతాన్నే నిషేధించారు. మసీదులు, చర్చిలు గోదాములయ్యాయి. శత్రువులు ఎప్పుడైనా దండెత్తుతారని దేశమంతా కాంక్రీటు బంకర్లు కట్టించాడు. లక్షకు పైగా ఉంటాయని అంచనా. ఆ శత్రువులు ఎప్పుడూ రాలేదు. పొలాల్లో, ద్రాక్షతోటల మధ్య, బడి వెనకాల అవి ఇప్పటికీ బోర్లించిన సిమెంటు గిన్నెల్లాగా పడి ఉన్నాయి. ఒకదాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉండడం చూశాను.

ఇండియా నుంచి వచ్చామని చెబితే ప్రతివాళ్లూ అన్న మాట ఒకటే: "నెన తెరెజా!" మదర్ థెరిసా అల్బేనియన్. పుట్టింది స్కోపియేలో అయినా వీళ్లు ఆమెను తమ ఇంటి ఆడబిడ్డగానే చూస్తారు. తిరానా విమానాశ్రయానికి ఆమె పేరే. ష్కోదర్ అనే ఊళ్లో ఒక ముసలాయన ఆ పేరు చెప్పి గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకు తల వంచాడు. మన కలకత్తా వీధుల్లో ఆమె చేసిన సేవకు ఇక్కడ నాకు దండం అందింది.

ష్కోదర్ ఊరి చివర, నదులు కలిసే చోట గుట్ట మీద రోజాఫా కోట ఉంది. పైనుంచి చూస్తే ఒకవైపు పెద్ద సరస్సు, ఇంకోవైపు బూనా, ద్రిన్ నదులు. కోట గోడలు చాలావరకు కూలిపోయాయి. చూడ్డానికి మన గుత్తి కోటంత కూడా లేదు. కానీ దాని కథ విన్నాక నేను ఆ ద్వారం దగ్గర్నుంచి చాలాసేపు కదల్లేకపోయాను.

ముగ్గురు అన్నదమ్ములు కోట కడుతుంటారు. పగలు కట్టిన గోడ రాత్రికి కూలిపోతుంది. ఒక ముసలాయన వచ్చి, "రేపు మీకు సద్ది తెచ్చే కోడల్ని గోడలో పెట్టి కట్టండి, నిలుస్తుంది. ఇంట్లో మాత్రం ఈ మాట చెప్పకూడదు" అంటాడు. ముగ్గురూ మాటిచ్చుకుంటారు. పెద్దవాళ్లిద్దరూ ఆ రాత్రి తమ భార్యలకు చెప్పేస్తారు. చిన్నవాడు ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు విప్పడు. తెల్లారి పెద్ద కోడలు ఏదో సాకు చెబుతుంది, నడిపి కోడలు ఇంకో సాకు చెబుతుంది. ఉయ్యాల్లో పసిబిడ్డను వదిలి, సద్ది నెత్తిన పెట్టుకుని చిన్నకోడలు రోజాఫా వస్తుంది. సంగతి విన్నాక ఆమె ఏడవదు. ఒక్కటే అడుగుతుంది. కుడి కన్ను, కుడి రొమ్ము, కుడి చెయ్యి, కుడి కాలు బయటికి ఉంచమంటుంది. బిడ్డను చూసుకోవడానికి, పాలివ్వడానికి, నిమరడానికి, ఉయ్యాల ఊపడానికి.

కోట వాకిట్లో రాళ్ల సందుల్లోంచి సున్నం కలిసిన తెల్లటి నీళ్లు కారుతుంటాయి. అవి రోజాఫా పాలని నమ్మి, పాలు పడని బాలింతలు వచ్చి వాటిని రొమ్ముకు రాసుకుంటారట.

అనంతపురంవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోయినప్పుడు బలిగా పోయింది కూడా చిన్నకోడలే, ముసలమ్మ. కట్టమంచి రామలింగారెడ్డి ఆమె మీద కావ్యమే రాశాడు. చిన్నప్పుడు ఆ కట్ట మీద నడిచేటప్పుడు, చెప్పులు విడిచి నడవమని మా నాయనమ్మ గదిమేది. ఎక్కడి ఏడ్రియాటిక్ సముద్రం, ఎక్కడి సీమ చెరువు! రెండు చోట్లా ఇంటికి చివరగా వచ్చిన పిల్లే దొరికింది. ఊరికి గోడ కావాలన్నా కట్ట కావాలన్నా అడ్డు చెప్పడానికి నోరులేని మనిషినే ఎంచుకున్నారు. ఆ తర్వాత దేవతను చేసి మొక్కారు. కోట దిగేటప్పుడు ఆ తెల్లటి తడిని వేలితో తాకి నుదుటికి రాసుకున్నాను. మా అమ్మాయి ఏమీ అనలేదు, అది కూడా రాసుకుంది.

ష్కోదర్ నుంచి కొండలెక్కితే తెథ్ అనే పల్లె. ఈ మధ్యదాకా మట్టిదారే, ఇప్పుడు తారురోడ్డు పడింది. నిటారుగా లేచిన సున్నపురాతి శిఖరాలు, వాటి కింద మొక్కజొన్న చేలు, చెక్క పెంకుల కప్పున్న చిన్న చర్చి. అందం గురించి నేను చెప్పక్కర్లేదు, ఫోటోలు చెబుతాయి. నన్ను పట్టుకున్నది పల్లె మధ్యలో ఉన్న రాతి బురుజు. కిటికీలంటే గోడలో తుపాకీ గొట్టం పట్టేంత సందులే. పగ రేగినప్పుడు, ప్రాణభయం ఉన్న మగవాళ్లు ఇందులో దాక్కుని ఉండేవాళ్లు. పెద్దమనుషులు మాట్లాడి రాజీ కుదిర్చేదాకా బయటికి రాకూడదు.

లోపలికి వెళ్లాక చీకట్లో నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ ఊరు. అక్కడ ఒకాయన ఏళ్ల తరబడి ఇంటి గడప దాటలేదు. మేం పిల్లలం ఆ ఇంటి ముందు నుంచి పరిగెత్తి పోయేవాళ్లం. మిద్దె మీద ఎప్పుడూ ఒక మనిషి కూర్చుని దారి కాస్తుండేవాడు. దాన్ని మేం ఫ్యాక్షన్ అంటాం. ఇక్కడివాళ్ల దగ్గర దానికొక ధర్మశాస్త్రమే ఉంది. కనూన్ అంటారు. నోటిమాటగా వందల ఏళ్లు నడిచినదాన్ని ష్త్యెఫన్ గ్యెచోవి అనే పాద్రీ సేకరిస్తే, 1933లో పుస్తకంగా వచ్చింది. ఎవరు ఎవర్ని చంపవచ్చో, ఎప్పుడు చంపకూడదో అన్నీ అందులో ఉన్నాయి. చదివితే భయమేస్తుంది.

అదే కనూన్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఇల్లు ఇంటివాడిది కాదట, దేవుడిదీ అతిథిదీ అట. తలుపు తట్టినవాడు తన కొడుకును చంపినవాడైనా, ఒకసారి గడప లోపలికి వచ్చాక అతనికి అన్నం పెట్టాలి. తన ఊరి పొలిమేర దాటేదాకా కాపాడి పంపాలి. ఇచ్చిన ఆ మాటను 'బెసా' అంటారు. రోజాఫా భర్త నోరు కట్టేసింది కూడా ఆ బెసానే.

బెసా పుస్తకాల్లో మిగిలిపోయిన మాట కాదని చెప్పడానికి చరిత్రలో రుజువుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించినప్పుడు, పారిపోయి వచ్చిన యూదుల్ని ఇక్కడివాళ్లు ఇళ్లలో దాచారు. ముస్లింలు, క్రైస్తవులు అని తేడా లేదు. వాళ్లకు తమ బట్టలు తొడిగారు, తమ పేర్లు పెట్టారు. యుద్ధానికి ముందు అల్బేనియాలో యూదులు 200 మంది దాకా ఉంటే, యుద్ధం అయ్యేసరికి దాదాపు 2,000 మంది ఉన్నారు. ఐరోపాలో యూదుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగి కనిపించిన ఆక్రమిత దేశం మరొకటి నాకు తెలియదు. అతిథి దేవోభవ అని మనం వాకిళ్ల మీద రాసుకుంటాం. ప్రాణం పణంగా పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా దాన్ని పాటించిన పల్లెలు ఇవి.

కొండలు దిగి వచ్చాక బెరాత్ అనే ఊళ్లో రెండు రోజులే ఉన్నాం. ఒసుమ్ నదికి అటూ ఇటూ కొండ వాలు మీద తెల్లటి ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. అన్నిటికీ పెద్ద పెద్ద కిటికీలు. వెయ్యి కిటికీల ఊరని పిలుస్తారు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది. పైన కోటలో ఇప్పటికీ కాపురాలున్నాయి, వాకిళ్లలో ద్రాక్ష పందిళ్లున్నాయి. అక్కడి పాత చర్చిలో 16వ శతాబ్దపు చిత్రకారుడు ఒనుఫ్రి వేసిన పటాలు చూశాం. ఆయన వాడిన ఎరుపు మన పసుపు, సున్నం కలిపిన పారాణిని గుర్తుచేసింది.

బెరాత్‌లో నాకు బాగా నచ్చింది సాయంత్రం నడక. దాన్ని 'జిరో' అంటారు. పొద్దు వాలే వేళకు ఊరి పెద్దవీధిలో కార్లు ఆపేస్తారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కొత్త జంటలు, అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తారు. ఎదురుపడినవాళ్లను పలకరిస్తారు, ఆగుతారు, మళ్లీ నడుస్తారు. మా ఊళ్లో ఇట్లాంటి సాయంత్రాలు అరుగుల మీద గడిచేవి. అరుగులు కొట్టేసి రోడ్డు వెడల్పు చేశాక, టీవీలు వచ్చాక, ఎవరింట్లో వాళ్లం అయిపోయాం. ఇక్కడ మా అమ్మాయీ నేనూ రెండో రోజు నడుస్తుంటే, మొదటి రోజు ఎదురైన ఒకావిడ మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. ఊళ్లోవాళ్లమైపోయాం అనిపించింది.

అన్నట్టు, వీళ్ల తల ఊపడం గురించి చెప్పాలి. అవునంటే తలను అడ్డంగా ఊపుతారు. కాదంటే గడ్డం పైకెత్తి నాలుకతో చిన్నగా చప్పరిస్తారు. వేరే దేశాలవాళ్లు ఇక్కడ తికమక పడతారట. 'సరే' అనడానికి తలను అటూ ఇటూ ఆడించే మనకు ఏ ఇబ్బందీ లేదు. కాఫీ కావాలా అని అడిగితే నేను మామూలుగా నా పద్ధతిలో తల ఊపాను, కాఫీ వచ్చింది.

ఇక పెర్మెత్. ఈ ప్రయాణమంతా ఒక ఎత్తు, ఈ ఊరొక ఎత్తు.

దక్షిణాన, గ్రీసు సరిహద్దుకు దగ్గర్లో, వ్యోసా నది ఒడ్డున ఉన్న చిన్న పట్నమిది. నది పక్కనే పెద్ద ఒంటరి బండరాయి నిలబడి ఉంటుంది. గులాబీల ఊరని పేరు. రెండో ప్రపంచయుద్ధంలో నాలుగుసార్లు తగలబడింది. పాత కట్టడాలంటూ పెద్దగా మిగల్లేదు కాబట్టి, ఫోటోల కోసం పరిగెత్తే జనం ఇక్కడ ఆగరు. మేం ఒక ఇంట్లో దిగాం. ఇంటావిడ నా ఈడుదే, అరవైకి దగ్గర. ఇంగ్లీషు రాదు, నాకు అల్బేనియన్ రాదు.

మేం లోపలికి అడుగుపెట్టగానే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, లోపల్నుంచి ఒక పళ్లెం తెచ్చింది. రెండు గ్లాసుల చల్లటి నీళ్లు. రెండు చిన్న గాజు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక నల్లటి కాయ, చుట్టూ చిక్కటి పాకం. దాన్ని చూడగానే ఎండలో వచ్చినవాళ్లకు మా అమ్మ చేతిలో పెట్టే బెల్లం ముక్క, చెంబుడు నీళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఎవరు, ఏం పని అని అడగకముందే అది ఇవ్వాలి. ఇక్కడా అంతే.

ఆ నల్లటి కాయ అక్రోటు. ఎండిన పప్పు కాదు, లోపల పెంకు గట్టిపడక ముందే, ఎండాకాలం మొదట్లో కోసిన పచ్చికాయ. పైతొక్క చెక్కేసి, చేదు పోయేదాకా రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు, నీళ్లు మారుస్తూ ఉంటారు. తర్వాత సున్నపు తేటలో ఉంచితే కాయ మెత్తబడి చిదికిపోకుండా బిగుస్తుంది. ఆ తర్వాత చక్కెర పాకంలో లవంగాలతో ఉడికిస్తారు. దీన్ని గ్లికో అంటారు. అత్తిపండుతో, వంకాయతో, పుచ్చకాయ తొక్కతో కూడా చేస్తారు. పెర్మెత్ గ్లికో అల్బేనియాలో పేరున్న వంటకం. కొరికితే పైన మెత్తగా, లోపల చిన్న కరకర, తీపి వెనకాల ఎక్కడో సన్నటి వగరు. గుమ్మడికాయ ముక్కల్ని సున్నపు నీళ్లలో వేసి మిఠాయి చేసే మన ఆడవాళ్లకు ఈ పద్ధతి చెబితే ఒక్క మాటలో అర్థమవుతుంది.

సాయంత్రం నేను బయటికి వచ్చేసరికి ఆవిడ వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చుంది. ముందు అక్రోట్ల కుప్ప. అప్పుడే చెట్టు దులిపి తెచ్చారు. పైన పచ్చతొక్క నల్లబడి పగులుతోంది. ఆవిడ చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. అక్రోటు తొక్క మరక అంత త్వరగా పోదు, వారాలుంటుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆవిడ గడ్డం పైకెత్తి చప్పరించింది, వద్దని. నా చీర చూపించింది, చేతులు చూపించింది. నేను చీర కుచ్చెళ్లు దోపుకుని ఒక కాయ తీసుకున్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, లేచి వెళ్లి ఒక పాత తువ్వాలు తెచ్చి నా ఒళ్లో పరిచింది.

మా ఇంట్లో ప్రతి ఏడూ ఏరువాకకు ముందు విత్తనం శెనక్కాయలు ఒలిచేవాళ్లం. ఇరుగుపొరుగు ఆడవాళ్లందరూ వచ్చేవాళ్లు. బొటనవేలికి పుండ్లు పడేవి. కాయ పగిలిన చప్పుడు, మధ్యలో మాటలు, కబుర్లు తిరిగిన చోటే మళ్లీ తిరగడం. ఆ చప్పుడు నేను విని ముప్పై ఏళ్లయింది. ఇక్కడ చిన్న కత్తి మొనతో తొక్కలో గాటు పెట్టి తిప్పితే, లోపల తడి గింజ బయటపడుతుంది. మొదట్లో నావి నాలుగు అయ్యేసరికి ఆవిడవి పది అయ్యేవి. అరగంటకు నా చెయ్యి కుదిరింది. ఆవిడ తన పిల్లల గురించి చెప్పింది. వేళ్లతో లెక్క చెప్పి, ఎత్తు చూపించి, "గ్రెచీ" అంది. ఇద్దరూ గ్రీసులో ఉన్నారన్నమాట. నేను నా కూతుర్ని చూపించి "జర్మనీ" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నల్లటి చేత్తో నా మోకాలు తట్టింది. అంతకంటే ఎక్కువ మేం మాట్లాడుకోలేదు. చీకటి పడేదాకా ఒలిచాం.

రాత్రి ఆవిడ భర్త, పక్కింటి ఇద్దరు మగవాళ్లు రాకీ అనే సారా తాగుతూ పాట మొదలుపెట్టారు. ఒకాయన పాట ఎత్తుకుంటాడు, ఇంకొకాయన అందుకుని మలుపు తిప్పుతాడు, మిగిలినవాళ్లు కింద ఒకే స్వరం పట్టి సాగదీస్తారు. ఆ కింది స్వరాన్ని ఇసో అంటారు. సన్నాయి మేళంలో ఒత్తు పట్టినట్టే ఉంది. ఈ పాటను కూడా యునెస్కో గుర్తించింది. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు, తర్వాత నేను తెలుసుకున్నాను. వాళ్లు మాకోసం పాడలేదు. మేం లేకపోయినా పాడేవాళ్లే. వినేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

మర్నాడు నది దగ్గరికి వెళ్లాం. వ్యోసా గ్రీసులోని పిండస్ కొండల్లో పుట్టి, దాదాపు 270 కిలోమీటర్లు ప్రవహించి ఏడ్రియాటిక్‌లో కలుస్తుంది. దిగువకు పోయేకొద్దీ లోయంత వెడల్పున తెల్లటి గులకరాళ్లు పరిచి, వాటి మధ్య ఆకుపచ్చ కలిసిన నీలంలో పాయలు పాయలుగా అల్లుకుంటూ పోతుంది. ఏటికేడు తన దారి తానే మార్చుకుంటుందట. అల్బేనియాలో ఈ నది మీద పూర్తయిన ఆనకట్ట ఒక్కటి కూడా లేదు. ఒకచోట మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

మా వెంట వచ్చిన కుర్రాడు ఆ మాట గర్వంగా చెప్పాడు. నా నోట్లోంచి అప్రయత్నంగా వచ్చిన మాట, "ఇన్ని నీళ్లు వృథాగా సముద్రంలోకి పోతున్నాయా?" అని. మా అమ్మాయి దాన్ని అనువాదం చెయ్యడానికి తటపటాయించింది.

నాది అనంతపురం జిల్లా. పెన్నలో నీళ్లొస్తే చూడ్డానికి ఊరు ఊరంతా కదిలిపోయేది. నది అంటే మాకు ఇసుక. వృథాగా పోతున్న నీళ్లు అనే మాట మేం పాలతోపాటు తాగాం. ఉపన్యాసాల్లో విన్నాం, పత్రికల్లో చదివాం, ధర్నాల్లో అరిచాం. ఆ మాట వెనక కరువుంది, వలసలున్నాయి, ఎండిన బోర్ల పక్కన కూలబడిన రైతులున్నారు. దాన్ని తప్పని నేను ఎన్నడూ అనను.

కుర్రాడు కోప్పడలేదు. నదిలోకి దిగి, ఒక గులకరాయి తిప్పి, దాని అడుగున అంటుకుని ఉన్న పురుగుల గూళ్లు చూపించాడు. వాటిని తినే చేపల గురించి, ఆ చేపల కోసం వచ్చే పిట్టల గురించి చెప్పాడు. వరద తెచ్చే ఒండ్రు ఆగితే దిగువ పొలాలకు, సముద్రపు ఒడ్డుకు ఏమవుతుందో చెప్పాడు. దిగువన కూతా అనే పల్లె ఉంది. పోచెమ్ దగ్గర ఆనకట్ట కడితే ఆ ఊరి పొలాలు మునిగేవి. ఊరివాళ్లు పర్యావరణ సంఘాలతో కలిసి కోర్టుకెక్కి, 2017లో గెలిచారు. ఏళ్లపాటు పోరాటం సాగాక 2023 మార్చిలో ప్రభుత్వం ఈ నదిని జాతీయ పార్కుగా ప్రకటించింది. పారే నదినే, దాని ఉపనదులతో సహా, పార్కుగా కాపాడటం ఐరోపాలో ఇదే మొదలు.

మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డాను. చల్లదనం ఎముకల్లోకి ఎక్కింది. కాలి కింద గులకరాళ్లు కదులుతున్నాయి, నది వాటిని కొంచెం కొంచెంగా కిందికి నెట్టుకుపోతోంది. పుట్టినప్పట్నుంచీ నేను నదిని చూసింది నీళ్ల లెక్కగానే. ఎన్ని టీఎంసీలు, ఎవరి వాటా ఎంత. ఈ నది ఎవరి వాటా అని నేను మొదటిసారి వేరే రకంగా అడుక్కున్నాను. మా కరువుకు జవాబు వ్యోసా దగ్గర లేదు. మా చెరువులు పూడిక తీసి నిండితే, మా పెన్న ఎగువన అడవి బతికితే కొంత ఉండవచ్చు. కానీ 'వృథా' అనే మాటను ఇకమీద నేను ఇంతకుముందంత తేలిగ్గా వాడలేను.

పెర్మెత్ తర్వాత జిరోకాస్తర్ ఊరిని గబగబా చూశాం. ఇళ్ల పైకప్పులు కూడా రాతి పలకలే, వాన పడితే ఊరంతా వెండిలాగా మెరిసింది. నియంత ఎన్వర్ హోజా పుట్టింది ఇక్కడే. ఆ నియంతృత్వంలోనే ఉండి ప్రపంచం మెచ్చిన నవలలు రాసిన ఇస్మాయిల్ కదారే పుట్టిందీ ఇక్కడే, 1936లో. 2024లో ఆయన పోయాడు. ఇద్దరి ఇళ్లూ చూడవచ్చు. నేను కదారే ఇంట్లో ఎక్కువసేపు కూర్చున్నాను. ఈ ఊరి ప్రత్యేక వంటకం చిఫ్చీ. అన్నంలో పుదీనా, గుడ్డు కలిపి ఉండలు చేసి, గుంటలున్న పెనంలో వేయిస్తారు. ఆ పెనం అచ్చంగా మన గుంతపొంగణాల పెనం. వంటింట్లోకి తొంగి చూసి నేను దాన్ని గుర్తుపట్టి గట్టిగా అరిస్తే, వండే ఆవిడ నవ్వుతూ పెనం తెచ్చి నా చేతిలో పెట్టింది.

చివరి రోజు సముద్రం చూద్దామని క్సామిల్ వెళ్లాం. నీళ్లు నిజంగా అద్దంలాగా ఉన్నాయి. అయితే ఒడ్డంతా కుర్చీలు, గొడుగులు, చెవులు పగిలే సంగీతం. సీజను ముగిసిపోయింది, అయినా ఇంత. కొండ వాలు మీద ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ లేస్తున్న హోటళ్లు. ఒక హోటల్లో నీళ్లు అడిగితే కుర్రాడు నా మొహం చూడకుండానే మెనూ కార్డు విసిరి పోయాడు. అతన్ని తప్పుపట్టలేను. పొద్దున్నుంచి ఎన్ని వందల మొహాలు చూసి ఉంటాడో! 24 లక్షల మంది ఉన్న ఈ దేశానికి 2023లో కోటి మందికి పైగా విదేశీయులు వచ్చారు. 2024లో ఆ లెక్క 1 కోటి 17 లక్షలకు చేరింది. ఇంటికి పదిమంది చుట్టాలు ఒకేసారి దిగితే ఏ ఇల్లాలైనా ఎవరికని గ్లికో పెడుతుంది? జనం పెరిగితే కొండలు తరగవు, సముద్రం తరగదు. వచ్చినవాళ్ల పక్కన కూర్చునే తీరిక ముందు పోతుంది. క్సామిల్‌లో అది పోయింది. పెర్మెత్‌లో ఇంకా ఉంది.

పెర్మెత్ నుంచి వచ్చేసేటప్పుడు ఆ ఇంటావిడ ఒక సీసాడు గ్లికో నా చేతిలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే గడ్డం పైకెత్తి చప్పరించింది. నేను నా దగ్గరున్న కుంకుమభరిణె ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చేతులూ నా చేతులూ అప్పటికి ఒకే రంగులో ఉన్నాయి. అనంతపురం వచ్చాక కూడా ఆ మరక పది రోజులు పోలేదు. చూసినవాళ్లంతా ఏమిటని అడిగారు, అందరికీ పెర్మెత్ కథ చెప్పాను.

పిల్లలు ఐరోపాలో ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడు మనలో చాలామంది ఉన్నారు. పారిస్, స్విట్జర్లాండ్ చూడండి, వద్దనను. ఒక్కసారైనా అల్బేనియా లోపలి ఊళ్లకు వెళ్లండి. జూలై, ఆగస్టు వదిలేసి మేలోనో అక్టోబరులోనో వెళ్లండి. పది ఊళ్లు చుట్టకుండా ఒక ఊళ్లో మూడు రాత్రులుండండి, హోటల్లో కాకుండా ఇంట్లో దిగండి. వాకిట్లో ఎవరైనా ఏదైనా ఒలుస్తూ కూర్చుని కనిపిస్తే, మీరూ పోయి పక్కన కూర్చోండి.